గాలిలో మోగిన పేరు బండికెక్కిన కథ

అమెరికా రహదారుల మీద వెళ్ళే బండ్ల నంబరు ప్లేట్లను కాస్త నిదానంగా చూసేవారికి అప్పుడప్పుడు ఒక వింత ప్లేటు తగులుతుంది. ముందు ఒకటో రెండో అక్షరాలు, నడుమ ఒకే ఒక అంకె, ఆ తర్వాత మళ్ళీ ఒకటి నుంచి మూడు అక్షరాలు. తెలియనివారికి అదీ ఒక నంబరే. తెలిసినవారికి అది ఒక మనిషి పేరు. ఆ బండి యజమాని ఔత్సాహికుల రేడియో అయిన హామ్ రేడియో పరీక్ష నెగ్గి, సొంత ట్రాన్స్‌మిటర్‌తో గాలిలో మాట్లాడే హక్కు సంపాదించుకున్నారనీ, గాలిలో పేరుగా చెప్పుకునే ఆ కాల్ సైన్ లోకంలో మరొకరికి లేదనీ దాని అర్థం. ఆ రేకు ముక్క వెనక నూరేళ్ళు దాటిన చరిత్ర ఉంది. రోడ్డు మీది బండిని నమోదు చేసేది రాష్ట్ర ప్రభుత్వం. గాలిలోని గొంతును నమోదు చేసేది కేంద్రంలోని ఫెడరల్ ప్రభుత్వం. ఈ రెండు పద్దులూ వేర్వేరుగా పుట్టి, వేర్వేరుగా పెరిగి, ఇరవయ్యో శతాబ్ది నడుమ ఒక్క ప్లేటు మీద కలుసుకున్నాయి.

మొదట బండి సంగతి. 1893 ఆగస్టులో పారిస్ పోలీసు శాఖ ఒక ఉత్తర్వు తెచ్చింది. మోటారు బండి ప్రతిదానికీ యజమాని పేరు, చిరునామా, అనుమతి సంఖ్య రాసిన లోహపు పలక ఉండాలన్నది. ఊళ్ళో గుర్రాలను బెదరగొట్టి, దుమ్ము రేపి పారిపోయే బండి ఎవరిదో తెలియాలి కదా! అమెరికాలో ఈ పని మొదలుపెట్టిన రాష్ట్రం న్యూయార్క్. 1901 నాటి ఆ చట్టం ప్రకారం యజమానులు తమ పేరులోని పొడి అక్షరాలను తామే తోలు ముక్క మీదో, రేకు మీదో తగిలించుకుని బండి వెనక కట్టుకోవాలి. ఒకే పొడి అక్షరాలవాళ్ళు ఊరికి పదిమంది ఉంటారన్న సంగతి ప్రభుత్వానికి తెలిసిరావడానికి ఎంతోకాలం పట్టలేదు. 1903లో మాసచూసెట్స్ రాష్ట్రం ఇనుప రేకు మీద ఎనామిల్ పూసి, అంకెలు వేసి, తానే ప్లేట్లు తయారుచేసి ఇచ్చింది. అక్కడి నుంచి బండికి పేరు పోయి నంబరు మిగిలింది.

గాలిలో కూడా ఇదే కథ నడిచింది. 1901 డిసెంబరులో మార్కోనీ అట్లాంటిక్ సముద్రానికి ఆవల నుంచి వచ్చిన సంకేతాన్ని న్యూఫౌండ్‌లాండ్ గుట్ట మీద గాలిపటానికి కట్టిన తీగతో విన్నాక, అమెరికాలో పిల్లలూ పెద్దలూ అటకల మీద, కొట్టు గదుల్లో స్పార్క్ ట్రాన్స్‌మిటర్లు కట్టడం మొదలుపెట్టారు. లైసెన్సు లేదు, అడిగేవారూ లేరు. ఎవరి కాల్ సైన్ వాళ్ళే పెట్టుకునేవారు. చాలామంది తమ పొడి అక్షరాలనే వాడుకున్నారు. న్యూయార్క్ బండ్ల మీద తోలు అక్షరాలు వేలాడిన రోజులకూ ఈ అటకల రోజులకూ మధ్య దూరం బహు కొద్ది. రెండుచోట్లా మనిషి కొత్త యంత్రం చేతికి రాగానే ముందు తన పేరు చెప్పుకున్నాడు. ప్రభుత్వం తర్వాత వచ్చి, ఆ పేరు తీసి తన పద్దులోని గుర్తును ఇచ్చింది.

1912 ఏప్రిల్‌లో టైటానిక్ మునిగింది. ఆ రాత్రి వైర్‌లెస్ వల్లనే ఏడు వందల పైచిలుకు ప్రాణాలు దక్కాయి. ఆ తర్వాతి రోజుల్లో గాలినిండా అడ్డదిడ్డమైన సంకేతాలు, పుకార్లు నిండిపోవడంతో ప్రభుత్వం మేలుకుంది. అదే ఏడాది ఆగస్టులో వచ్చిన రేడియో చట్టం ఔత్సాహికులను 200 మీటర్లు, అంతకన్నా పొట్టి తరంగాలకు నెట్టింది. దేనికీ పనికిరావని అప్పటి నిపుణులు వదిలేసిన బీడు అది. దాంతోపాటు దేశాన్ని తొమ్మిది రేడియో జిల్లాలుగా పంచి, జిల్లా అంకె, దాని వెనక అక్షరాలు కలిపి ఒక్కొక్కరికీ కాల్ సైన్ ఇచ్చింది. ఈనాడు ఏ హామ్ ప్లేటు మీదైనా అక్షరాల నడుమ కనిపించే ఒంటి అంకె ఆ 1912 జిల్లాల గుర్తే. ఊళ్ళు మారాయి, సరిహద్దులు సర్దుకున్నాయి, 1946లో సున్నా పేరుతో పదో ప్రాంతమూ చేరింది. ఆ అంకె మాత్రం తన స్థానం వదల్లేదు.

ఈ రెండు చరిత్రలనూ ఒంటి మీద మోసిన మనిషి ఒకరున్నారు. ఆయన హైరమ్ పెర్సీ మాక్సిమ్. 1869లో పుట్టారు. మెషీన్ గన్ కనిపెట్టిన హైరమ్ స్టీవెన్స్ మాక్సిమ్ కొడుకు. తండ్రి తుపాకీ మోత పెంచితే కొడుకు ఆ మోతను అణచే సైలెన్సర్ చేశారు. వంశాల్లో ఇలాంటి సర్దుబాట్లు జరుగుతుంటాయి. ఆయన మొదటి ప్రేమ మోటారు బండి. గుర్రం లేని బండి ఇంకా వింతగా ఉన్న 1890లలోనే మూడు చక్రాల బండికి పెట్రోలు ఇంజను బిగించారు. తర్వాత కనెక్టికట్‌లోని హార్ట్‌ఫర్డ్‌లో పోప్ కంపెనీలో చేరి కొలంబియా కార్లకు రూపమిచ్చారు. ఆ జ్ఞాపకాలతో ఆయన రాసిన పుస్తకం ‘హార్స్‌లెస్ క్యారేజ్ డేస్’ మోటారు చరిత్రకారులకు ఇప్పటికీ ఆధార గ్రంథం.

ఆ మాక్సిమే నడివయసులో రేడియో వైపు తిరిగారు. 1914 ఏప్రిల్‌లో ఒక రాత్రి ఆయనకు కావలసిన రేడియో వాల్వు ఒకటి స్ప్రింగ్‌ఫీల్డ్‌లో దొరుకుతుందని తెలిసింది. ఆ ఊరు యాభై కిలోమీటర్ల లోపే. అయినా ఆయన సెట్టు అంతదూరం పలకలేదు. మధ్య ఊళ్ళో ఉన్న మరో ఔత్సాహికుడి చేత కబురు అందించుకున్నారు. ఒకరి నుంచి ఒకరికి అందిస్తూ పోతే దేశం ఈ చివరి నుంచి ఆ చివరిదాకా కబురు పంపవచ్చు కదా అన్న ఆలోచన అక్కడ పుట్టింది. అలా క్లారెన్స్ టస్కాతో కలిసి ఆయన స్థాపించిన అమెరికన్ రేడియో రిలే లీగ్ నేటికీ అమెరికా హామ్‌ల గొంతుక. ఆయన కాల్ సైన్ 1ఏడబ్ల్యూ. ఆయన 1936లో పోయాక అది డబ్ల్యూ1ఏడబ్ల్యూ రూపంలో లీగ్ ప్రధాన కేంద్రానికి స్మారకంగా దక్కింది. అమెరికా తొలి కార్లను తీర్చిదిద్దినవారిలో ఒకరు, అమెరికా హామ్‌లను ఒక తాటి మీదికి తెచ్చినవారు. అయినా తన కాల్ సైన్ రాసిన ప్లేటును తన కారుకు తగిలించుకునే యోగం ఆయనకు పట్టలేదు. ఆ రోజు రావడానికి మరో యుద్ధం కావలసి వచ్చింది.

ఈలోగా బీడు భూమి బంగారం పండింది. మొదటి ప్రపంచ యుద్ధంలో మూతపడిన స్టేషన్లు 1919లో తెరుచుకున్నాయి. 1923 నవంబరులో కనెక్టికట్ నుంచి ఫ్రెడ్ ష్నెల్, ఫ్రాన్స్‌లోని నీస్ నగరం నుంచి లియాన్ డెలాయ్ సుమారు 110 మీటర్ల తరంగం మీద అట్లాంటిక్‌కు ఇరువైపులా కూర్చుని మాట్లాడుకున్నారు. పనికిరావనుకున్న పొట్టి తరంగాలే భూగోళాన్ని చుట్టేస్తాయని అలా తేలింది. హద్దులు దాటిన గొంతుకు దేశం పేరు కూడా కావాలి. 1927 వాషింగ్టన్ అంతర్జాతీయ సమావేశం దేశాలకు అక్షరాలు పంచింది. 1928 అక్టోబరు నుంచి అమెరికా హామ్‌ల అంకె ముందు డబ్ల్యూ వచ్చి చేరింది. మరుసటి ఏడు మన దేశానికి వీయూ వచ్చింది. అంతకుముందు 1921లోనే అమరేంద్ర చంద్ర గుప్తు 2జేకే అన్న కాల్ సైన్‌తో భారతదేశపు తొలి హామ్ అయ్యారు. అదే ఏడాది ముకుల్ బోస్ 2హెచ్‌క్యూగా రెండోవారు కావడంతో, మాట్లాడేవారికి జవాబిచ్చేవారూ దొరికారు.

1941 డిసెంబరులో పెర్ల్ హార్బర్ మీద దాడి జరగగానే అమెరికా హామ్ స్టేషన్లు మళ్ళీ మూగబోయాయి. యుద్ధం ముగిశాక కథ ఒక్కసారిగా ఊపందుకుంది. విమానాల నుంచి, యుద్ధ టాంకుల నుంచి విప్పిన సైనిక రేడియోలు చవకగా అంగళ్ళలోకి వచ్చాయి. సైన్యంలో సిగ్నల్ పని నేర్చుకున్న యువకులు వేలల్లో ఇళ్ళకు చేరారు. చేతిలో కారు, ముందు కొత్త రహదారులు. రేడియో ఇంటి అటక దిగి బండెక్కింది. ఆనాటి బండిలో సెట్టు బిగించడం ఒక యజ్ఞం. ఆరు వోల్టుల బ్యాటరీ నుంచి వాల్వులకు కావలసిన వందల వోల్టులు పుట్టించడానికి డిక్కీలో ఒక డైనమోటర్ గిర్రున తిరుగుతూ కూనిరాగం తీసేది. మాట్లాడే మీట నొక్కగానే హెడ్‌లైట్లు మసకబారేవి. వెనక బంపరుకు నిలువెత్తు యాంటెన్నా, దాని నడుమ గుమ్మడికాయంత కాకపోయినా కంటపడేంత తీగచుట్ట. స్పార్క్ ప్లగ్గుల గోల చెవిలో పడకుండా ఒక్కొక్క తీగకూ కెపాసిటర్లు కట్టుకోవాలి. ఇంత శ్రమపడి బిగించుకున్నవాడు ఆ బండి మీద తన కాల్ సైన్ కూడా ఉండాలని కోరుకోవడంలో ఆశ్చర్యమేముంది?

కోరిక ఒకటి, చట్టం మరొకటి. చట్టసభలకు కారణం చూపాలి. ఆ కారణాన్ని ప్రచ్ఛన్న యుద్ధం ఇచ్చింది. 1949లో సోవియట్ యూనియన్ అణుబాంబు పేల్చింది. అమెరికా పౌర రక్షణ చట్టం తెచ్చుకుంది. 1952లో హామ్‌లతో అత్యవసర రేడియో సేవ ఏర్పడింది. తుపాను వచ్చినా, బాంబు పడినా టెలిఫోను తీగలు తెగుతాయి. అప్పుడు కబురు మోసేవారు వీళ్ళే. దారి మూసిన పోలీసు, ఏ బండిని వదలాలో ప్లేటు చూసి గుర్తుపట్టగలగాలి. ఈ వాదంతో హామ్ క్లబ్బులవారు రాష్ట్ర రాజధానుల చుట్టూ తిరిగారు. 1950 దశకంలో ఒక రాష్ట్రం తర్వాత ఒక రాష్ట్రం ఒప్పుకుంటూ వచ్చింది. కొన్ని రాష్ట్రాల చట్టాల్లో, ఇలాంటి ప్లేట్లున్నవారి జాబితాను ప్రతి జిల్లా షెరిఫ్‌కూ పంపాలన్న నిబంధన కూడా పెట్టారు. నేడు యాభై రాష్ట్రాలలోనూ ఈ ఏర్పాటు ఉంది. తుపాను రోజున పోలీసు నిజంగా ప్లేటు చూసే బండి వదిలాడా అన్నది వేరే సంగతి. అవసరం చట్టాన్ని తెచ్చింది, అభిమానం దాన్ని నిలిపింది అని నా నమ్మకం.

ఇక్కడ ఒక తేడా చెప్పుకోవాలి. డబ్బు కట్టి నచ్చిన అక్షరాలు వేయించుకునే ప్లేట్లు అమెరికాలో అంతకుముందే ఉన్నాయి. 1931లోనే పెన్సిల్వేనియా యజమానుల పొడి అక్షరాలకు అనుమతి ఇచ్చింది. మన ఖైరతాబాద్ ఆర్టీఏ ఆఫీసులో 9999 కోసం లక్షలు గుమ్మరించే వేలం పాటలు ఆ జాతివే. కాల్ సైన్ ప్లేటు జాతి వేరు. చాలా రాష్ట్రాలు దీనికి తీసుకునేది నామమాత్రపు రుసుమే. దాన్ని కొనడానికి ముందు ఆ పేరు సంపాదించి ఉండాలి. ఒకప్పుడు చెవితో మోర్స్ విని, చేత్తో రాసి, ఇన్‌స్పెక్టర్ ముందు పరీక్ష నెగ్గినవారికే ఆ పేరు దక్కేది. 1964లో అధ్యక్ష పదవికి పోటీ చేసిన సెనేటర్ బారీ గోల్డ్‌వాటర్ కూడా గాలిలో కే7యూజీఏ మాత్రమే. వియత్నాం యుద్ధకాలంలో ఆయన ఇంటి స్టేషన్ నుంచి సైనికుల మాటలను వాళ్ళ ఇళ్ళ టెలిఫోన్లకు కలిపేవారు.

ప్లేటు పొందే పద్ధతి ఇన్ని దశాబ్దాల్లో పెద్దగా మారలేదు. రాష్ట్ర మోటారు వాహనాల శాఖ ఫారం నింపి, ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ ఇచ్చిన లైసెన్సు నకలు జతచేయాలి. బండి, లైసెన్సు ఒకే మనిషి పేరున ఉండాలి. లైసెన్సు గడువు పదేళ్ళు. అది పోతే ప్లేటు మీద హక్కూ పోతుంది. ఒకే కాల్ సైన్‌ను రెండు మూడు బండ్లకు ఇవ్వవచ్చా అన్నది రాష్ట్రానికో తీరు. అన్నిటికన్నా చికాకు పెట్టింది సున్నా. మినెసోటా, కొలరాడో, మిస్సోరి వంటి రాష్ట్రాలు పదో ప్రాంతంలోకి వస్తాయి. అక్కడివారి కాల్ సైన్ నడుమ సున్నా ఉంటుంది. ప్లేటు మీద సున్నా, ఇంగ్లీషు ‘ఓ’ ఒకేలా కనిపిస్తే పోలీసు ఒకటి కొట్టబోయి మరొకటి కొడతాడు, టోల్ కెమెరా ఇంకొకరికి బిల్లు పంపుతుంది. హామ్‌లు సున్నాకు అడ్డగీత గీయడం అలవాటు. కొన్ని రాష్ట్రాలు ఆ అడ్డగీతను ప్లేటు మీద కూడా అచ్చువేశాయి. గుమాస్తా కంప్యూటరులో ఆ గీత లేక జరిగే తిప్పలు హామ్‌ల కబుర్లలో తరగని సరుకు.

1970 దశకంలో కొండల మీద, సంకేతాన్ని అందుకుని మళ్ళీ బలంగా పంపే రిపీటర్లు వెలిశాయి. పాత టాక్సీ రేడియోలను మార్చుకుని బండిలో పెట్టుకున్నవారు ఊరంతా మాట్లాడసాగారు. అదే కాలంలో, పరీక్ష అక్కరలేని సీబీ రేడియో పిచ్చి దేశాన్ని ఊపేసింది. లారీ డ్రైవర్లు మారుపేర్లతో గాలిని నింపేశారు. 1983లో ప్రభుత్వం సీబీకి లైసెన్సులే ఎత్తేసింది. మారుపేర్ల గుంపు మధ్య సొంత పేరుతో, ప్రతి పది నిమిషాలకూ కాల్ సైన్ చెప్పి మాట్లాడే హామ్ పద్ధతి అప్పుడే మరింత పెద్దరికంగా కనిపించింది. కారులో పోలీసు రేడియోలు వినే సెట్లను నిషేధించిన రాష్ట్రాల్లో హామ్‌లు అనుమానితులయ్యారు. 1993లో ఫెడరల్ కమిషన్ కలగజేసుకుని, లైసెన్సున్న హామ్‌లకు అలాంటి చట్టాలు వర్తించరాదంది. ఆపైన బాబ్ బ్రునింగా అన్న నౌకాదళ అకాడెమీ ఇంజినీరు, కదిలే స్టేషన్లను పటం మీద చూపే ఏపీఆర్‌ఎస్ పద్ధతి రూపొందించారు. బండి ఎక్కడుందో కంప్యూటరు తెర మీద కాల్ సైన్ పక్కన కనిపించేది. జీపీఎస్ జేబు ఫోన్లలోకి రావడానికి చాలా ముందు మాట ఇది.

పేరు బాహాటంగా చెప్పుకోవడమే ఈ విద్యకు మర్యాద. అదే ఇప్పుడు చిక్కు తెచ్చింది. 1994లో అమెరికా ఒక చట్టం చేసి, మామూలు నంబరు ప్లేటు పట్టుకుని యజమాని చిరునామా తీయడాన్ని కట్టడి చేసింది. కాల్ సైన్ ప్లేటుకు ఆ రక్షణ అందదు. ఫెడరల్ కమిషన్ రికార్డులో ఆ కాల్ సైన్ కొడితే పేరు, తపాలా చిరునామా ఎవరికైనా కనిపిస్తాయి. పార్కింగులో నిలిపిన బండి యజమాని ఎవరో, ఉత్తరం ఎక్కడికి రాయాలో ఇట్టే తెలిసిపోతుంది. 1893 పారిస్ పలక కోరింది సరిగ్గా ఇదే కదా! కొందరు, ముఖ్యంగా ఆడవాళ్ళు, పోస్టు బాక్సు నంబరును చిరునామాగా ఇచ్చి జాగ్రత్తపడుతున్నారు. అది తెలివైన పని. కాల్ సైన్ చూసి హారన్ మీద మోర్స్‌లో ‘హాయ్’ కొట్టే తోటి హామ్ కోసం మాత్రం ఆ మాత్రం తెగువ చేయవచ్చని అనేకుల అభిప్రాయం.

మోర్స్ పరీక్ష 2007 ఫిబ్రవరిలో పూర్తిగా పోయింది. ఇప్పుడు మొదటి మెట్టుకు 35 ప్రశ్నలు, వాటిలో 26 సరైతే చాలు. అమెరికా పౌరసత్వం కూడా అక్కరలేదు. ఉద్యోగం మీద వెళ్ళిన మన తెలుగు ఇంజినీరు కూడా పరీక్ష రాసి కాల్ సైన్ తీసుకోవచ్చు, దాన్ని బండికి తగిలించుకోవచ్చు. 2015 ఫిబ్రవరి నుంచి కమిషన్ కాగితపు లైసెన్సులు తపాలాలో పంపడం మానింది. దరఖాస్తుకు కావలసిన నకలును ఎవరికి వారే వెబ్‌సైటు నుంచి తీసుకోవాలి.

బ్రిటన్‌లో కథ మలుపు తమాషాగా ఉంటుంది. అక్కడ కాల్ సైన్ ప్లేటు అనే ఏర్పాటు లేదు. కానీ 1983లో మొదలైన నంబర్ల వరసలో ముందు ఒక అక్షరం, ఆపై అంకె, చివర మూడు అక్షరాలు వచ్చేవి. 1989లో జీ వంతు, 1994లో ఎమ్ వంతు వచ్చింది. అవి రెండూ బ్రిటిష్ హామ్‌ల తొలి అక్షరాలే. ఒకటి నుంచి ఇరవై వరకు అంకెలను ప్రభుత్వం అమ్మకానికి అట్టిపెట్టింది. దాంతో అదృష్టం కలిసొచ్చిన హామ్‌లు తమ కాల్ సైన్‌నే మామూలు నంబరుగా కొనుక్కున్నారు.

మన దేశంలో 1948లో మౌ సైనిక కేంద్రంలో మొదలైన హామ్ సంఘం 1954లో ఢిల్లీకి మారింది. 1983లో హైదరాబాద్‌లో ఎస్. సూరి, వీయూ2ఎంవై, చొరవతో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఏర్పడింది. 1984లో సెట్ల మీద దిగుమతి సుంకం తొలగింది. ఆ సంస్థ తరఫున 2004 డిసెంబరులో అండమాన్ వెళ్ళిన బృందం పోర్ట్ బ్లెయిర్‌లో ఉండగానే సునామీ వచ్చింది. భారతీ ప్రసాద్, వీయూ2ఆర్‌బీఐ, వినోదానికి తెచ్చిన సెట్టును సహాయ కేంద్రంగా మార్చి దీవుల కబుర్లు ప్రధాన భూభాగానికి చేరవేశారు. అమెరికా చట్టసభల్లో 1950లలో వినిపించిన వాదానికి ఇంతకన్నా సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది?

అయినా మన మోటారు వాహనాల నిబంధనల్లో కాల్ సైన్‌కు చోటు లేదు. ప్రభుత్వం ఇచ్చిన నమోదు గుర్తు తప్ప ప్లేటు మీద మరేదీ రాసుకోకూడదు. 2019 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లకు హై సెక్యూరిటీ ప్లేట్లే వస్తున్నాయి. హామ్‌లు వెనక అద్దం మీద స్టిక్కరుతో సరిపెట్టుకుంటున్నారు. ‘ప్రెస్’, ‘పోలీస్’ అని అర్హత లేనివారు కూడా రాసుకు తిరిగే రోడ్ల మీద, కేంద్రం పరీక్ష పెట్టి ఇచ్చిన గుర్తుకు అధికారిక స్థానం లేకపోవడం విడ్డూరమే. ప్లేటు జోలికి పోకుండానే, తుపాను జిల్లాలలో అత్యవసర సేవకు పేరు నమోదు చేసుకున్న హామ్‌ల బండ్లకు ప్రభుత్వమే ఒక గుర్తు ఇవ్వవచ్చు. విపత్తు నిర్వహణ శాఖలు ఈ మాట ఆలోచించాలి. అమెరికాలో ఉండి కాల్ సైన్ తీసుకున్న మనవారికి ఒక సూచన. బండి అమ్మేటప్పుడు ఆ ప్లేటు విప్పి మీ దగ్గర ఉంచుకోండి. అది మీ పేరు, బండి కొన్నవారిది కాదు.